పదకొండో నంబరు విద్యుత్ కేంద్రం

మంగళవారం ఉదయం ఎనిమిది గంటల ఇరవై నిమిషాలకు, కొత్తగెడ్డ ఆటో స్టాండులో వరసలో మొదట ఉన్న ఎలక్ట్రిక్ ఆటోను అధికారులు విద్యుత్ కేంద్రంగా గుర్తించి సీలు వేశారు. అప్పటికి ఆటోలో ముగ్గురు ప్రయాణికులు కూర్చుని ఉన్నారు. వాళ్లను ముందు దించారు.

ఆటో లెంక వరహాలమ్మది. ఆమెకు నలభై రెండేళ్లు. స్టాండులో ఆమె నంబరు పదకొండు. కొత్తగెడ్డ స్టాండుకు మొత్తం ఇరవై నంబర్లే ఉన్నాయి. ఉన్నవాళ్లలో ఒకరు పోతేనో మానుకుంటేనో తప్ప కొత్తవాళ్లకు నంబరు రాదు. వరహాలమ్మకు ఆరేళ్లు కాచుకుంటే వచ్చింది. వరసగా పది రోజులు స్టాండు నుంచి ఒక్క కిరాయి కూడా తియ్యని బండి నంబరు వెనక కాచుకున్న మనిషికి వెళ్లిపోతుంది. దీనికి మూడు మినహాయింపులున్నాయి. ఇంట్లో చావు, ఇంట్లో పురుడు, బండి బోల్తా. బండి విద్యుత్ కేంద్రం కావడం వాటిలో లేదని స్టాండు పెద్ద సూర్రావు అక్కడికక్కడే స్పష్టం చేశాడు. వెనకనున్న బండిని ఇకపై మొదటిదిగా లెక్కించాలని కూడా చెప్పాడు.

కాచుకున్న వాళ్లలో మొదటివాడు తవిటినాయుడు. నాలుగేళ్లుగా స్టాండు ఎదుట టీ కొట్టు బల్ల మీద కూర్చుంటున్నాడు. డ్రైవర్లలో ఎవరికి జలుబు చేసినా ముందుగా పలకరించేది అతనే. సీలు మీద లక్క ఆరకముందే లేచి వచ్చి వరహాలమ్మను పరామర్శించాడు.

"ఈవేళ మంగళారం గదప్పా. పై గురువారానికి పదవుద్ది," అన్నాడు.

"నువ్వు టీ తాగు, సల్లారిపోద్ది," అంది వరహాలమ్మ.

ఇదంతా మొదలైంది అంతకు నెల రోజుల ముందు. విద్యుత్ పంపిణీ సంస్థలో అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరు, అందరూ ఏడీఈ అని పిలిచే సదానందం, బదిలీ మీద కొత్తగెడ్డ వచ్చారు. వచ్చిన వారంలోనే ఊరి బిల్లులన్నీ తిరగేశారు. రెండు లైట్లు, ఒక ఫ్యాను, ఒక టీవీ ఉన్న ఇల్లు ఊళ్లో బ్యాంకు కన్నా ఎక్కువ కరెంటు వాడుతోందని తేలింది. అది వరహాలమ్మ ఇల్లు. ఏడీఈ, లైన్‌మన్ పోలినాయుడుతో కలిసి వెళ్లి చూశారు. వంటింటి కిటికీలోంచి ఒక వైరు బయటికి వచ్చి ఆటోలోకి వెళ్లి ఉంది.

వరహాలమ్మ వైరు దాచలేదు. చార్జింగ్ స్టేషను బైపాసులో ఉందని, అక్కడికి వెళ్లి రావడానికే చార్జింగులో మూడో వంతు అయిపోతుందని, అక్కడ యూనిట్ ధర ఇంటి ధర కన్నా ఎక్కువని చెప్పింది. ఇంట్లోనూ వాడకం పెరిగేకొద్దీ స్లాబు మారి యూనిట్ ధర పెరుగుతోందని, పెరిగినదంతా కడుతూనే ఉందని చెప్పింది. ఏడీఈ పూర్తిగా విన్నారు. ఆయన ఎవరు చెప్పినా పూర్తిగా వింటారు.

"అమ్మా, ఇంట్లో మీరు విద్యుత్తును తీసుకున్నారు. వినియోగించలేదు. వినియోగం రోడ్డు మీద జరిగినది. ఎక్కడ తీసుకున్నారన్నది కాదు, అంతిమంగా ఎక్కడ వినియోగించారన్నదే ప్రామాణికంగా పరిగణించవలసి యున్నది," అన్నారు.

"రోడ్డు మీద వాడితే రోడ్డుకి మీటరెట్టండి బాబూ," అంది వరహాలమ్మ.

ఏడీఈ దీన్ని వినియోగదారు సూచనగా నమోదు చేసుకున్నారు.

నాలుగు రోజుల తరవాత ఉత్తర్వు వచ్చింది. దాని పేరు వినియోగస్థల సూత్రం. కరెంటు ఏ మీటరు గుండా వచ్చినా, అది చివరికి ఖర్చయిన చోటు ఇల్లయితే ఇంటి ధర, దుకాణమైతే దుకాణం ధర, గుడి అయితే గుడి ధర పడుతుంది. ఒక్క ఆటోకే వర్తింపజేస్తే పక్షపాతమవుతుందని ఏడీఈ దాన్ని ఊరంతటికీ వర్తింపజేశారు. ఆయన నిజాయితీ మీద కొత్తగెడ్డలో ఎవరికీ అనుమానం లేదు.

మొదటి నోటీసు హైస్కూలు హెడ్మాస్టరుకు అందింది. ఆయన ఇంట్లో ఇస్త్రీ చేసిన చొక్కాను బడికి తొడుక్కువెళుతున్నట్టు తనిఖీలో తేలింది. ఇస్త్రీకి పట్టిన కరెంటు ఇంటిది, మడత నిలిచింది బడిలో. హెడ్మాస్టరు తన చొక్కా మడత ప్రార్థన సమయానికే పోతుందని, బడి వినియోగం పావుగంట మించదని లిఖితపూర్వకంగా సమాధానమిచ్చారు. రెండో నోటీసు బట్టల దుకాణం యజమానికి. ఆయన ఇంట్లో చార్జింగ్ పెట్టిన ఫోనులో దుకాణం బేరాలు మాట్లాడుతున్నారు. మూడోది ఇడ్లీ బండి నరసమ్మకు. పిండి ఇంటి గ్రైండరులో రుబ్బి బజారులో అమ్ముతోంది. ఆ ఇడ్లీలు కొని ఇంటికి పట్టుకెళ్లి తిన్నవాళ్ల వరకు ధర తగ్గించాలని నరసమ్మ కోరింది. ఏడీఈ అంగీకరించారు. ఆ రోజు నుంచి పొట్లం కట్టించుకున్న వాళ్ల వేలిముద్ర తీసుకుంటున్నారు.

ఏడీఈ తన మీద కూడా సూత్రాన్ని అమలు చేసుకున్నారు. చొక్కాలు ఇంట్లో ఇస్త్రీ చెయ్యడం మాని ఆఫీసులో చేయించారు. ఆఫీసు కరెంటుతో ఇస్త్రీ అయిన చొక్కాను ఇంటికి తీసుకువెళ్లకూడదు కనక సాయంత్రం దాన్ని ఆఫీసు బీరువాలో పెట్టి బనీనుతో ఇంటికి నడిచి వెళ్లేవారు. దారిలో జనం నమస్కారం పెట్టేవారు. ఆయన ప్రతినమస్కారం చేసేవారు.

వరహాలమ్మ ఆటోకు మీటరు బిగించారు. ఆమె సూచన అక్షరాలా అమలైందని ఏడీఈ ఆమెకు ఉత్తరం పంపారు. ఏ ప్రయాణికుడు ఏ పని మీద వెళుతున్నాడో అడిగి, ఆ పనిని బట్టి కరెంటు ఏ కేటగిరీ కిందికి వస్తుందో నిర్ణయించే బాధ్యత పోలినాయుడిది. అతను డ్రైవరు సీటు పక్కన కూర్చునేవాడు. ఆసుపత్రికి వెళ్లేవాళ్లు, బడికి వెళ్లేవాళ్లు, గుడికి వెళ్లేవాళ్లు తేలిగ్గానే తేలారు. వియ్యంకుడితో తగువు పడడానికి వెళుతున్న ఒకాయనను మొదటి రోజు దుకాణం కేటగిరీలో వేశారు. తగువు కట్నకానుకల గురించి కాదని, పెళ్లిలో తనకు వడ్డించిన వరస గురించి అని ఆయన రుజువు చేసుకోవడంతో ఇంటి కేటగిరీకి మార్చారు.

చిక్కు గుమ్మడివలస సన్యాసమ్మ దగ్గర వచ్చింది. గుమ్మడివలస కొండ మీది ఊరు. సన్యాసమ్మ కొండ దిగి సంతకు వెళుతోంది. ఆమె ఒళ్లో కోడి ఉంది.

కోడి ఎందుకని పోలినాయుడు అడిగాడు.

"దర ఒస్తే అమ్మేత్తాను. రాపోతే అమ్మోరికి కోసేత్తాను," అంది సన్యాసమ్మ.

"రెంటిలో ఏదో ఒకటి సెప్పాల పిన్నీ. అమ్మితే దుకాణం, కోస్తే గుడి."

"కోసినాక మేం తినమేటి? అది ఇల్లు గదా?"

పోలినాయుడు ఆటో ఆపించి ఏడీఈకి ఫోను చేశాడు. ఏడీఈ కోడి భవితవ్యం తేలేవరకు బండి కదపవద్దన్నారు. గంట తరవాత, కోడిని మూడు సమాన భాగాలుగా పరిగణించాలని ఆదేశం వచ్చింది. ఈలోగా సంత ముగిసింది. సన్యాసమ్మ కోడితో వెనక్కి కొండెక్కింది. ఆ రోజు ఆమె పని మీద కాక ఊరికే తిరిగినట్టయింది. ఊరికే తిరగడానికి కేటగిరీ లేదు.

ఈ ఫోను కోసం ఆగిన చోట పోలినాయుడు మీటరు చూశాడు. కొండ మీద ఉన్నప్పటి అంకె కన్నా కింద ఉన్న అంకె తక్కువగా ఉంది. మర్నాడు మళ్లీ చూశాడు. మళ్లీ తగ్గింది. వరహాలమ్మను అడిగితే కొండ దిగేటప్పుడు తను యాక్సిలరేటరు వదిలేస్తానని, అప్పుడు చక్రాలు మోటారును తిప్పి కరెంటు వెనక్కి బ్యాటరీలోకి వెళుతుందని, బండి కొన్నప్పుడు షోరూములో అలాగే చెప్పారని అంది. పోలినాయుడు ఆ సంగతి ఏడీఈతో చెప్పకుండా రెండు రోజులు ఉన్నాడు. మూడో రోజు చెప్పాడు.

ఏడీఈ స్వయంగా కొండెక్కి దిగారు. దిగాక మీటరు అంకె రాసుకున్నారు.

"ఇది వినియోగం కాదు. ఉత్పత్తి," అన్నారు.

అనుమతి లేకుండా విద్యుత్తును ఉత్పత్తి చెయ్యడం నేరం. విచారణ పూర్తయ్యేవరకు విద్యుత్ కేంద్రాన్ని ఉన్న స్థలం నుంచి కదపకూడదు. మంగళవారం ఉదయం ఎనిమిది గంటల ఇరవై నిమిషాలకు ఆ కేంద్రం స్టాండు వరసలో మొదట ఉంది.

వరహాలమ్మ ఆ మధ్యాహ్నమే ఏడీఈ ఆఫీసుకు వెళ్లింది. తనకు కేంద్రం వద్దని, ఆటో చాలని చెప్పింది. ఒకసారి ఉత్పత్తి జరిగాక కేంద్రం కాకుండా పోవడానికి వీల్లేదని, అనుమతి పొందిన కేంద్రం మాత్రం నడవవచ్చని ఏడీఈ వివరించారు. అనుమతికి ఏం కావాలని అడిగింది. ప్రజాభిప్రాయ సేకరణ కావాలన్నారు. ఎప్పటికవుతుందని అడిగింది. సాధారణంగా రెండేళ్లు పడుతుందన్నారు.

"పై గురువారంలోపు గావాల సారూ. లేపోతే నంబరు తవిటినాయుడికి ఎల్లిపోద్ది," అంది.

ఏడీఈ స్టాండు నిబంధన ఏమిటో అడిగి తెలుసుకున్నారు. నిబంధన నిబంధనే కనక దాన్ని గౌరవించాలన్నారు. ఆ రాత్రికి రాత్రే పై అధికారులకు ఫైలు పంపారు. రాష్ట్రంలో ఇదే తొలి సంచార విద్యుత్ కేంద్రమని అందులో రాసినందువల్ల కదలిక త్వరగా వచ్చింది. తొలి అనే మాట ఉన్న ఫైలును ఎవరూ తమ బల్ల మీద ఉంచుకోలేదు. పై బుధవారానికి, అంటే తొమ్మిదో రోజుకు, ప్రజాభిప్రాయ సేకరణ నిర్ణయమైంది. ఈ లోపు వరహాలమ్మ రోజూ స్టాండుకు వచ్చి సీలు వేసిన ఆటోను తుడిచి వెళ్లింది. సీలుకు తడి తగలకూడదని పోలినాయుడు పక్కన నిలబడి గొడుగు పట్టాడు.

సేకరణ స్టాండులోనే జరిగింది. షామియానా వేశారు. మజ్జిగ ప్యాకెట్లు పంచారు. పోలీసులు అరవై మంది వచ్చారు. రెవెన్యూ డివిజనల్ అధికారి, అంటే ఆర్డీవో, అధ్యక్షత వహించారు. ఆయన ఇంతకుముందు రెండు థర్మల్ కేంద్రాలకు ఇలాంటి సభలు నడిపిన మనిషి. ప్రాజెక్టు వద్దనేవాళ్లు ఎడమ పక్కన, కావాలనేవాళ్లు కుడి పక్కన కూర్చోవాలని చెప్పారు. వద్దనడానికి పొరుగు మండలం నుంచి ఒక సంఘం డీజిలు వ్యానులో వచ్చింది.

కొత్తగెడ్డకు సభలు కొత్త కాదు. జనం అడగవలసినవి అడిగారు. ఇంటికొక ఉద్యోగం కావాలన్నారు. ఆటోలో ఒక్క డ్రైవరు సీటే ఉందని ఏడీఈ చెప్పగా, షిఫ్టుల వారీగా ఇవ్వాలన్నారు. టీ కొట్టు యజమాని, ఎనిమిది రోజులుగా కేంద్రం అడ్డుగా నిలవడం వల్ల తన కొట్టు రోడ్డుకు కనిపించడం లేదని, తనను నిర్వాసితుడిగా గుర్తించాలని కోరాడు. ఒక రైతు బూడిద చెరువు ఎక్కడ తవ్వుతారని అడిగాడు. బూడిద రాదని ఏడీఈ జవాబిచ్చారు. అయితే తన బావమరిది బూడిద ఇటుకల బట్టీ సంగతి ఏమిటని రైతు అడిగాడు. పరిశీలిస్తామని ఆర్డీవో హామీ ఇచ్చారు.

సన్యాసమ్మ లేచింది. కరెంటు ఎక్కడి నుంచి పుడుతోందో చెప్పమంది. కిందికి దిగే బరువు నుంచి పుడుతుందని ఏడీఈ చెప్పారు.

"ఆ బరువు మాదే గదా బాబూ," అంది.

ఏడీఈ ఆలోచించి, అవునన్నారు.

ఆర్డీవో కుర్చీలో ముందుకు వంగారు. దేనివల్ల విద్యుత్తు పుడుతుందో అది ఇంధనమని, ఆ లెక్కన కొండ దిగే ప్రయాణికులు ఇంధనమని ప్రకటించారు. ఇంధనమన్నాక కేటాయింపు ఉండాలి. కేటాయింపు అన్నాక గ్రేడు ఉండాలి. రేషన్ డిపో నుంచి కాటా తెప్పించారు. సభకు వచ్చిన వాళ్లను వరసగా తూచారు. డెబ్బై కిలోలు దాటినవాళ్లు మొదటి గ్రేడు. హెడ్మాస్టరుకు మొదటి గ్రేడు వచ్చింది. చప్పట్లు కొట్టారు. ఏడీఈ కూడా ఎక్కారు. ఎనభై రెండు కిలోలు. సన్యాసమ్మ కోడితో కాటా ఎక్కింది. కోడిని విడిగా తూచి సహ ఇంధనంగా నమోదు చెయ్యాలని ఆర్డీవో ఆదేశించారు. కొండ దిగేవాళ్లు ఇంధనం కనక వాళ్ల దగ్గర కిరాయి తీసుకోరాదని, కొండ ఎక్కేవాళ్ల సంగతి తేలేవరకు వాళ్లనూ ఇంధనంగానే లెక్కించాలని మినిట్సులో రాయించారు. గుమ్మడివలస వాళ్లంతా ఎడమ పక్క నుంచి లేచి కుడి పక్కకు వచ్చారు.

చివర్లో వరహాలమ్మను మాట్లాడమన్నారు.

"ఇది ఆటో అని ఒక్క ముక్క రాసియ్యండి బాబూ. ఇంకేటీ వద్దు," అంది.

ఆమె అభ్యంతరం చెప్పలేదని రాసుకున్నారు.

అనుమతి సాయంత్రమే వచ్చింది. వరహాలమ్మ ఇంట్లో చార్జింగ్ పెట్టుకోవచ్చు. విద్యుత్ కేంద్రాలు మొదలవడానికి తీసుకునే కరెంటుకు విడిగా ధర ఉంటుంది కనక దాన్ని ఆ ధరలో వేస్తారు. ఇంటి గోడకు, ఆటో వెనక, పుర్రె బొమ్మతో అపాయం బోర్డు పెట్టాలి. గురువారం ఉదయం పది గంటలకు ముఖ్య అతిథి సమక్షంలో ట్రయల్ రన్. స్టాండు నుంచి బయలుదేరి, కొండెక్కి, ఇంధనంతో దిగాలి.

గురువారం పదో రోజు. స్టాండులో ఆ రోజు కిరాయిల లెక్క సాయంత్రం ఆరు గంటలకు ముగుస్తుంది. ముఖ్య అతిథి పదింటికి రాలేదు. పన్నెండింటికి రాలేదు. మూడింటికి, ఆయన రావడం లేదని, ఆయన ఫొటో ఉన్న ఫ్లెక్సీ వస్తోందని కబురు వచ్చింది. తవిటినాయుడు తెల్లవారుజామునే తలస్నానం చేసి, తన ఆటోకు పసుపు, బొట్టు, బంతిపూల దండ వేసి తెచ్చి స్టాండు చివర నిలబెట్టాడు. చక్రాల కింద పెడదామని నిమ్మకాయలు నాలుగు తెచ్చాడు. ఒకటి మిగిలింది. దాన్ని వరహాలమ్మకిచ్చాడు.

"ఎండలో ఉన్నావు, నీళ్లల్లో పిండుకో అప్పా," అన్నాడు.

ఐదుంపావుకు ఫ్లెక్సీ వచ్చింది. ఐదున్నరకు సీలు తీశారు. హెడ్మాస్టరు, ఏడీఈ వెనక సీట్లో కూర్చున్నారు. పని చూసుకుని కొండ మీదికి తిరిగి వెళుతున్న సన్యాసమ్మ వాళ్ల మధ్య సర్దుకుంది. వరహాలమ్మ బండి స్టార్టు చేసి సూర్రావు వైపు చూసింది. కిరాయి రాసుకోమంది.

ఇంధనం కిరాయి ఇవ్వదు కదా అని తవిటినాయుడు బల్ల మీద నుంచే అన్నాడు. సూర్రావు తల పంకించాడు. నిబంధనలో కిరాయి అని ఉంది తప్ప బండి కదలడం అని లేదన్నాడు. ముందు సన్యాసమ్మను కిరాయి అడిగాడు.

"నాను బొగ్గునే బాబూ," అంది సన్యాసమ్మ. కోడిని కూడా చూపించింది.

హెడ్మాస్టరు తన గ్రేడు కాగితం తీసి చూపించారు.

వరహాలమ్మ డ్రైవరు సీట్లోంచి వెనక్కి తిరిగింది.

"సారూ, మీరూ బొగ్గేనా?" అని అడిగింది.

ఏడీఈ చుట్టూ చూశారు. స్టాండులో వాళ్లు, పోలీసులు, టీ కొట్టు దగ్గరివాళ్లు వింటున్నారు. తను ఇరవై ఆరేళ్లుగా సర్వీసులో ఉన్నానని, ఏ ఉత్తర్వులోనూ తనను ఇంధనంగా పేర్కొనలేదని, తను అధికారినని చెప్పారు. సూర్రావు లేచి బండి దగ్గరికి వచ్చాడు. స్టాండు బండిలో డ్రైవరు కూర్చోవచ్చని, పాసింజరు కూర్చోవచ్చని, కొత్తగా నిన్నటి నుంచి బొగ్గు కూర్చోవచ్చని, అధికారి అనే సీటు మాత్రం లేదని చెప్పాడు. దిగడానికి ఏడీఈ ఒక కాలు కింద పెట్టారు. తనిఖీ అధికారి లేకుండా ట్రయల్ రన్ చెల్లదని పోలినాయుడు గుర్తు చేశాడు. ఏడీఈ కాలు లోపల పెట్టుకున్నారు.

"అయితే నేను ప్రయాణికుణ్ణి," అన్నారు.

"పాసింజరయితే కిరాయి కట్టాల బాబూ," అన్నాడు సూర్రావు.

వినియోగదారుల వాహనాల్లో అధికారులు ఉచితంగా ప్రయాణించరాదన్న నిబంధన ఒకటి ఉందని, అది తనకు కంఠస్థమని ఏడీఈ చెప్పారు. గుమ్మడివలసకు ఎంతో అడిగారు. ఇచ్చారు. రసీదు అడిగారు. కొత్తగెడ్డ స్టాండులో రసీదులు లేవు. సూర్రావు ఒక సిగరెట్టు పెట్టె చింపి దాని వెనక రాసిచ్చాడు. పదకొండో నంబరు ఆటో, ఒక పాసింజరు, అని రాశాడు. వరహాలమ్మ ఆ కాగితాన్ని ఏడీఈ చేతికి అందించే ముందు ఒకసారి చదువుకుంది.

ఐదు గంటల నలభై నాలుగు నిమిషాలకు బండి స్టాండు దాటింది. తవిటినాయుడు తన ఆటో మెడలోంచి దండ తీసి, మడత పెట్టి, సీటు కింద పెట్టుకున్నాడు. తరవాత బల్ల దగ్గరికి వచ్చి టీ చెప్పాడు. మూడో నంబరు డ్రైవరుకు దగ్గు వస్తోంది. ఎన్నాళ్లుగా వస్తోందని అడిగాడు.

శుక్రవారం ఉదయం ఏడు గంటలకు స్టాండు వరసలో వరహాలమ్మ ఆటో నాలుగోది.